పాత స్ప్లెండర్ స్టార్ట్ కావడం లేదా? ఇంజన్ దించే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ: దేవరకొండ దగ్గర మీ బత్తాయి తోటలో, మోటారు గదిలో మీ నాన్నగారి 2003 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ఏళ్లుగా పడి ఉంది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు బయటికి తీసి, ఉన్న పెట్రోల్ మీదే కొత్త పెట్రోల్ పోసి ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ కావడం లేదు. చూసిన మెకానిక్ బోర్ (పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం) పోయింది, ఇంజన్ దించాలన్నాడు. చేయించాలా, పాత ఇనుముకు అమ్మేయాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే రెండూ వద్దు. ఒక్క మాట గుర్తు తెచ్చుకోండి. పక్కన పెట్టిన రోజు ఆ బండి బాగానే నడిచిందా? నడిచి ఉంటే బోర్ మీద అనుమానం అన్నిటికన్నా చివర రావాలి. బోర్ అరిగేది బండి తిరిగితేనే. నిలబడి ఉన్న బండిలో చెడేవి వేరు: పెట్రోల్, కార్బురేటర్, వైర్లు, రబ్బర్లు. బోర్‌కు తుప్పు పట్టవచ్చు, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అంటుకుపోవచ్చు. అదీ ఇంజన్ విప్పకుండానే చాలా వరకు తెలుసుకోవచ్చు.

నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మా నాయన సీడీ 100 ఎస్ఎస్ కూడా ఇలాగే పశువుల కొట్టంలో పడి ఉండేది. మీ స్ప్లెండర్‌దీ దానిదీ ఒకే కుటుంబం ఇంజన్, 97.2 సీసీ. మాకూ మొదట వినిపించిన మాట బోర్ అనే. చివరికి తేలింది ఎలుకలు కొరికిన ఒక వైరు, కార్బురేటర్ లోపల మూసుకుపోయిన ఒక జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రం ఉన్న చిన్న ముక్క). ఇంజన్ అసలు విప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు కిక్ కొట్టడం ఆపేయండి. పెట్రోల్ కాక్ మూసి, స్పార్క్ ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్ము ఊది, ప్లగ్ విప్పండి. ఆ రంధ్రంలో రెండు చెంచాల కొత్త ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి బండిని మెయిన్ స్టాండ్ మీద పెట్టి, నాలుగో గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకు తిప్పండి. గేరు పడకపోతే చక్రాన్ని కొంచెం అటూ ఇటూ కదిలిస్తూ వేయండి. ఇంజన్ తిరిగిందంటే సగం భయం పోయినట్టే. గట్టిగా పట్టేసి ఉంటే బలవంతం చేయకండి. మళ్లీ కొంచెం ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. కిక్ రాడ్ మీద నిలబడి తొక్కితే రింగు విరిగే ప్రమాదం ఉంది, అప్పుడు నిజంగానే ఇంజన్ దించాల్సి వస్తుంది.

తిరిగాక కంప్రెషన్, అంటే లోపల గాలి ఒత్తిడి చూడండి. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమిపెట్టి, ఇంకొకరిని కిక్ కొట్టమనండి. గాలి వేలిని తోసేసి బుస్సుమని బయటికి రావాలి. వస్తే మీ బోర్ గురించి ఎవరేం చెప్పినా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గాలి బలహీనంగా ఉంటే ఇంకో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ఆయిల్ పోయగానే ఒత్తిడి బాగా పెరిగితే లోపం రింగుల దగ్గరో బోర్ దగ్గరో ఉంది. ఆయిల్ పోసినా ఏ మార్పూ లేకపోతే వాల్వుల దగ్గర గాలి పోతోంది. వాల్వులను తెరిచే టాపెట్లు బిగుసుకుపోయినా, వాల్వు సీటు మీద తుప్పు పట్టినా ఇలాగే ఉంటుంది. ముందు టాపెట్లు సెట్ చేయించండి, అది పెద్ద ఖర్చు కాదు. ఈ పరీక్ష చేయకుండా బోర్ పోయిందని ఎవరైనా అంటే అది ఊహే. కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది.

తర్వాత స్పార్క్. విప్పిన ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజన్‌కు తగిలేలా పట్టుకోవాలి. ప్లగ్ రంధ్రానికి మాత్రం దూరంగా ఉంచండి. లోపల పెట్రోల్ ఆవిరి ఉంటే మంట లేస్తుంది. తాళం ఆన్ చేసి కిక్ కొట్టండి. ఎండలో స్పార్క్ కంటికి ఆనదు, నీడలో చూడండి. టిక్ టిక్ మంటూ నీలంగా పడాలి. మీ బండికి స్పార్క్ రావడానికి బ్యాటరీ అక్కర్లేదు, మాగ్నెట్ కాయిల్ నుంచే కరెంటు వస్తుంది. కాబట్టి బ్యాటరీ చచ్చిపోయింది, అందుకే స్టార్ట్ కావడం లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి.

స్పార్క్ లేకపోతే ముందు కొత్త ప్లగ్ వేసి చూడండి. అయినా రాకపోతే ప్లగ్ క్యాప్‌ను వైరు నుంచి తిప్పి ఊడదీసి, వైరు చివర అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించండి. ఆ కొసలోని రాగి నల్లబడి ఉంటుంది. అదీ పనిచేయకపోతే చాలామంది వెంటనే సీడీఐ (స్పార్క్ సరైన సమయానికి పడేలా చూసే చిన్న డబ్బా) మార్చేస్తారు. దానికి ముందు ఒక పని చేయండి. సీడీఐ దగ్గరికి వచ్చే వైర్లలో నలుపు మీద తెల్ల గీత ఉన్న వైరు ఒకటి ఉంటుంది. తాళం ఆఫ్ చేసినప్పుడు స్పార్క్‌ను ఆపేది అదే. ఆ ఒక్క వైరు ఊడదీసి కిక్ కొట్టండి. స్పార్క్ వచ్చిందంటే సీడీఐ, కాయిల్ బాగున్నట్టు. లోపం తాళం స్విచ్‌లో ఉంది, లేదా ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. మా బండిలో హెడ్‌లైట్ డూమ్ విప్పితే లోపల ఎలుకలు ఆ వైరు తొడుగు కొరికేసి ఉన్నాయి. రాగి తీగలు పక్కనున్న ఇనుపరేకుకు ఆనుకుని ఉన్నాయి. టేపు చుడితే సరిపోయింది. ఒక జాగ్రత్త: ఆ వైరు ఊడదీసి ఉన్నప్పుడు బండి స్టార్ట్ అయితే తాళం తిప్పినా ఆగదు. బ్రేకు పట్టుకుని గేరులో వేసి క్లచ్ వదిలి ఆపాలి.

ఇక పెట్రోల్. మీరు పాత దాని మీదే కొత్తది పోశారు, అదంతా తీసేయండి. ఏళ్లు నిలవ ఉన్న పెట్రోల్‌కు రంగుల డబ్బా లాంటి వాసన వస్తుంది, సరిగ్గా మండదు. ట్యాంకు దించి మొబైల్ లైటు వేసి లోపలికి చూడండి. ఎర్రగా తుప్పు ఉంటే పాత సైకిల్ చైను ముక్క, కొంచెం పెట్రోల్ వేసి, మూత బిగించి బాగా ఊపండి. తుప్పు రావడం తగ్గేదాకా కడగండి. యాసిడ్ మాత్రం పోయించకండి, పలచబడిన రేకుకు చిల్లులు పడతాయి. కాక్ విప్పి దాని జాలీ కడిగి, పెట్రోల్ పైపు కొత్తది వేయండి. మూతకు ఉండే సన్నని గాలి రంధ్రం కూడా చూడండి. అది మట్టితో మూసుకుపోతే బండి స్టార్ట్ అయి కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది, మూత తీసి పెడితే మళ్లీ నడుస్తుంది.

కార్బురేటర్ దగ్గర తొందరపడకండి. కింది గిన్నె విప్పితే అడుగున బంకలాంటి గోధుమరంగు మడ్డి కనిపిస్తుంది. స్టార్టింగ్‌కు ముఖ్యమైనది స్లో జెట్, దాని రంధ్రం అన్నిటికన్నా సన్నం. దాన్ని ఊడదీసి ఆకాశం వైపు పట్టి ఒక కన్నుతో చూడండి. సూదిమొనంత వెలుతురు గుండ్రంగా కనిపించాలి. కనిపించకపోతే కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి నాననివ్వండి, తర్వాత కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో మెల్లగా పొడవండి. ఇనుప సూది వాడితే రంధ్రం పెద్దదైపోతుంది, ఆపై ఎంత తిప్పినా ట్యూనింగ్ కుదరదు. మిక్చర్ స్క్రూ విప్పే ముందు, అది మెల్లగా ఆనేదాకా లోపలికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి అంతే పెట్టాలి. స్ప్రే కొట్టేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి ముఖం మీదికి చిమ్ముతుంది.

కడిగించే ఓపిక లేక చాలామంది చౌకగా దొరికే డూప్లికేట్ కార్బురేటర్ వేయించి, పాతది షాపులోనే వదిలేస్తారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. బండితో వచ్చిన కార్బురేటర్ లోహం, కొలతలు వేరు. వాషర్లు మార్చి శుభ్రంగా కడిగితే ఇంకా ఏళ్లు పనిచేస్తుంది. నా అనుభవంలో డూప్లికేట్ వేసిన బండి మైలేజీ ఇవ్వదు, ఐడిలింగ్‌లో నిలవదు. ఏ భాగం మార్చినా పాతది అడిగి తెచ్చుకోండి.

స్టార్ట్ చేసే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి, ఎలుకలకు ఇష్టమైన చోటు. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టి గూడు కట్టాయేమో పుల్ల పెట్టి చూడండి. ఇంజన్ ఆయిల్ మార్చండి. కొత్త ఆయిల్ కూడా కాస్త నడిపాక ఇంకోసారి మార్చడం మంచిది, లోపలి మురికంతా దాంట్లోకి దిగుతుంది. ప్లగ్ బిగించే ముందు, రంధ్రం మీద బట్ట కప్పి చక్రం తిప్పితే మీరు పోసిన ఆయిల్‌లో మిగిలింది బయటికి వచ్చేస్తుంది. తర్వాత చోక్ వేసి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టండి. నాలుగైదు కిక్కులకు రాకపోతే ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉంటే తుడిచి ఆరబెట్టి, చోక్ తీసి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొట్టండి. స్టార్ట్ కాగానే పొగ బాగా వస్తుంది, కంగారు పడొద్దు. లోపల మిగిలిన ఆయిల్ కాలుతోంది. పది నిమిషాల తర్వాత కూడా నీలంపొగ తగ్గకపోతే అప్పుడు రింగుల గురించి మాట్లాడుకోవచ్చు.

స్టార్ట్ అయింది కదా అని వెంటనే సాగర్ రోడ్డు ఎక్కకండి. నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. ఏళ్లు నిలబడిన బండికి బ్రేకు షూల మీది లైనింగు ఊడిపోయే స్థితిలో ఉండవచ్చు. నడుస్తుండగా ఊడితే చక్రం పట్టేస్తుంది. రెండు చక్రాలూ విప్పించి షూలు కొత్తవి వేయించండి. టైరు పక్కన నాలుగంకెల నంబరు చూడండి. 1216 అని ఉంటే 2016లో 12వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా కనిపించినా అంత పాత టైరు మీద వెళ్లకండి, పక్కల రబ్బరు పగిలి ఉంటుంది. బ్రేకు, క్లచ్ కేబుళ్లు, చైను కూడా చూడండి. హారన్, ఇండికేటర్లకు బ్యాటరీ కావాలి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన దేవరకొండ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పులు ఎంత ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, ఆ నీళ్లతో ప్లేట్లు పాడవుతాయి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది తేమను పీల్చుకుంటుంది, పాత బండ్ల రబ్బరు భాగాలకు పడదు. రోజూ తిప్పే బండికి పెద్దగా ఇబ్బంది లేదు. కానీ తోటకు పండక్కో పబ్బానికో వెళ్లినప్పుడే తీస్తానంటే, పెట్టేముందు కాక్ మూసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడపండి. కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మిగలదు, జెట్ మూసుకుపోదు.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఏపీ 24 నంబరు అయి ఉంటుంది, అది అలాగే చెల్లుతుంది, టీజీకి మార్చక్కర్లేదు. కానీ ఆర్‌సీ గడువు 15 ఏళ్లు కాబట్టి 2018లోనే అయిపోయి ఉంటుంది. రెన్యువల్‌కు ఫారం 25, నాన్నగారి పేరు నుంచి వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31. రెన్యువల్‌కు బండిని ఆర్టీఏ ఆఫీసులో చూపించాలి, దాంతో పాటు ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి ముందే సిద్ధం చేసుకుంటే ఒకే తిరుగుడులో పని అవుతుంది. బండిని చూపించాలి కాబట్టి బ్రేకులు, లైట్లు సరిచేసుకున్నాకే ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లండి. రెన్యువల్ అయ్యేదాకా దాన్ని రోడ్డు మీద నడపకుండా ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లడమే మంచిది.