ఒకటో తరగతి టీచరమ్మకు పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

నీకు ఒకటో తరగతి ఇచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను, వెంటనే గుండెల్లో రాయి కూడా పడింది. పై తరగతుల్లో ఒకరు సరిగ్గా చెప్పకపోతే ఇంకొకరు సరిదిద్దుతారు. ఒకటో తరగతి పిల్లలకు నువ్వు చెప్పిందే వేదం.

వారమంతటికీ ప్లాను గీసేశావట, గంటకో గడి. మంచిదే. కానీ ఆరేళ్ల పిల్లలు నీ గళ్లలో ఇమడరు తల్లీ. పావుగంటకోసారి లేపి ఆడించు. పెన్సిళ్లు ముందే చెక్కి పెట్టుకో. బాత్రూంకి అడగ్గానే పంపు.

సోమవారం కొత్త అక్షరాలు అంటున్నావు. వ, మ ఒకే రోజు నేర్పకు. ప, ష కూడా అంతే. ఒకటి బాగా కుదురుకున్నాకే రెండోది చూపించు. 3ని తిరగేసి రాస్తే కంగారుపడకు, ఆ వయసులో చాలామంది రాస్తారు. ఇరవై మూడు రాయమంటే 203 అని రాసేవాళ్లూ ఉంటారు. ఇరవై విన్నారు, మూడు విన్నారు, రెండూ రాశారు. కోప్పడకు. పుల్లలు ఇచ్చి పదేసి లెక్కపెట్టించి, రబ్బరు బ్యాండు వాళ్లచేతే వేయించు. ఎవరైనా కట్ట విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే విప్పనీ. అందులో పది ఉన్నాయన్న నమ్మకం వాళ్లకి కుదరాలి, నీకు కాదు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. నేను రెండో తరగతి చెప్పే రోజుల్లో మా ఒకటో తరగతి టీచరుకు బడంతా పేరు. సోమవారం ఆవిడ చదివితే పిల్లలు కోరస్‌గా అందుకునేవారు, గురువారానికల్లా పాఠం గడగడా అప్పజెప్పేవారు. గోడ ఇవతల నుంచి వింటూ నేను కుళ్లుకునేదాన్ని. మరుసటి ఏడాది ఆ పిల్లలే నా గదికి వచ్చారు. ఒక బాబు పాత వాచకం తీసి, వేలు పెట్టి, ఒక్క తడబాటు లేకుండా చదివాడు. వేలేమో వరస చివర ఆగిపోయింది, నోరు మాత్రం రెండు వరసలు దాటిపోయింది! పలక మీద 'కలప' అని రాసి చూపించాను. 'పలక' అన్నాడు గట్టిగా. మళ్లీ చూడు నాన్నా అన్నాను. అక్షరాల వంక చూడలేదు. నా పెదాల వంక చూశాడు, నేనెలా మొదలుపెడతానా అని.

ఏడాది పొడుగునా వాడు చదివింది టీచరు నోరు, పక్కవాడి నోరు. ఆవిడ సోమరిపోతు కాదు, గొంతు బొంగురుపోయేదాకా చెప్పేది. ఒక్కొక్కణ్నీ విడిగా వినడానికి వారంలో చోటు పెట్టుకోలేదు, అంతే. వాణ్ని గాడిన పెట్టేసరికి ఏడాదిలో సగం గడిచింది. ఈలోగా వాడు తను మొద్దునని తీర్మానించుకున్నాడు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

అందుకే ఆ గళ్లలో కొన్ని కొట్టేయ్. రోజూ ఓ అరగంట మిగతావాళ్లకి అక్షరాల కార్డులో, బంకమట్టో ఇచ్చి, నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకో. బొమ్మను చేత్తో కప్పి చదివించు. కింది నుంచి పైకి చదివించు. తెలిసిన అక్షరాలతోనే వాళ్లు ఎప్పుడూ చూడని మాట రాసి ఇవ్వు. వారం తిరిగేసరికి ప్రతి పిల్లా ఒక్కసారైనా నీకు ఒంటరిగా వినిపించి ఉండాలి. నోరు మెదపని పిల్లను శుక్రవారం దాకా ఆపకు, సోమవారమే పిలువు. పాటలకీ పద్యాలకీ కోరస్ భేషుగ్గా ఉంటుంది, దాన్ని మానేయమనడం లేదు.

శుక్రవారం కొత్త పాఠమే వద్దు. నేర్చుకున్నది ఎంత తొందరగా జారిపోతుందో జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే పుస్తకం రాశాడు. పెద్దవాడి సంగతే అదైతే పసివాళ్ల మాటేమిటి? ఆ వారానివి, అంతకు ముందు వారానివి కలిపి ఆటలా అడుగు. మార్కులు వేసి గోడకు అంటించావో, నేనే వచ్చి చింపుతాను.

ఆదివారం అర్ధరాత్రి దాకా చార్టులు అంటిస్తూ కూర్చోకు. గోడ నిండా బొమ్మలుంటే పిల్లలు దేన్నీ చూడరు. గొంతు జాగ్రత్త, మొదటి నెలే పోతుంది. మార్చిన ప్లాను ఫోటో తీసి పంపు, ఎర్ర పెన్ను నా దగ్గర ఇంకా ఉంది.

నీ పెద్దమ్మ