గ్రూప్-1 ఎస్సే: చదివింది పేపర్ మీదకి రావట్లేదు సార్

ప్రశ్న: సార్, నాది డిగ్రీ దాకా తెలుగు మీడియమే. తెలంగాణ గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నా. బిట్లయితే బానే పెడతా, మెయిన్స్‌లో జనరల్ ఎస్సే అంటేనే భయం. నోట్సులు కట్టలు కట్టలుగా ఉన్నాయి, టాపిక్ చూస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, తీరా పెన్ను పట్టుకుంటే రెండో పేరా దగ్గర ఆగిపోతున్నా. ఇంకా ఏ పుస్తకాలు చదవమంటారు? (ఒక పాఠకురాలు, నల్గొండ)

జవాబు: కొన్నాళ్లు ఏమీ చదవొద్దమ్మా. ఎగతాళికి అనట్లేదు. నీ దగ్గర సరుకు తక్కువై ఆగిపోవట్లేదు, ఆ టాపిక్ మీద నువ్వేం అంటున్నావో నీకే తేలక ఆగిపోతున్నావు.

ఉదాహరణకి స్థానిక సంస్థలకి నిజంగా అధికారాలు దక్కాయా అని అడిగారనుకో. అందరూ గాంధీ గారి గ్రామ స్వరాజ్యంతో మొదలెడతారు, తర్వాత 1957 బల్వంత్ రాయ్ మెహతా కమిటీ, ఆ తర్వాత పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 1992 నాటి 73వ సవరణ, పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు, అంతే, అక్కడితో బండి ఆగిపోద్ది. ఎందుకంటే అది నోట్స్, జవాబు కాదు. దిద్దేవాళ్లకి ఆ వరస కంఠతా వచ్చు, పొద్దున్నించీ అదే చదువుతుంటారు పాపం.

నువ్వు రాయడానికి ముందు చిత్తు కాయితం మీద ఒక్క లైన్ పెట్టుకో. "ఎన్నికలు వచ్చాయి గానీ డబ్బు, సిబ్బంది రాలేదు" అనుకో, ఇది నీ మాట. ఇప్పుడు తెలిసిన ప్రతి విషయాన్నీ దీని పక్కన పెట్టి చూడు, పనికొస్తే ఉంచు లేకపోతే వదిలెయ్. ఎన్నికలు వచ్చాయి అన్నావు కదా, మరి రాజ్యాంగం 243ఇ అధికరణం ప్రకారం ఐదేళ్లు ముగిసేలోపే ఎన్నిక పూర్తవ్వాలి, తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 మొదట్లో అయిపోతే ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి, మధ్యలో అంతా ప్రత్యేక అధికారుల పాలనే. చూశావా, నీ మొదటి మాటకే చిన్న అడ్డం వచ్చింది, అది దాచకుండా రాయి, వ్యాసానికి ప్రాణం అక్కడే వస్తుంది. అలాగే మహిళలకి రాజ్యాంగం మూడోవంతు సీట్లంటే మన రెండు రాష్ట్రాల్లో సగం ఇచ్చారు, మంచిదే, కానీ ఆఫీసులో కుర్చీలో కూర్చునేది ఎవరో మీ ఊళ్లో నువ్వు చూసే ఉంటావు. డబ్బు సంగతికి వస్తే 243ఐ కింద ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వెయ్యాలి, అది సిఫారసు మాత్రమే చేస్తుంది, ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. ఇలా పోతుంటే రెండో పేరా దగ్గర ఆగవు, ఎక్కడ ఆపాలా అని చూసుకుంటావు.

ఇక టైం. పేపర్ 150 మార్కులు, మూడు గంటలు, మూడు సెక్షన్లలో ఒక్కోదాన్నించి ఒక్కో వ్యాసం, ఒక్కోటి 50 మార్కులు, సుమారు వెయ్యి పదాలు రాయమంటారు. అంటే గంటకొకటి. అందులో పది నిమిషాలు ఆలోచనకి పోతే మిగిలిన యాభై నిమిషాల్లో వెయ్యి పదాలంటే నిమిషానికి ఇరవై, తెలుగులో మన పదాలు పొడుగు కాబట్టి చాలామందికి అంత రాదు. రాకపోయినా పర్లేదు, ఏడెనిమిది వందల్లో విషయం పూర్తయితే చాలని నా అభిప్రాయం. కానీ నచ్చిన టాపిక్ వచ్చిందని మొదటిదానికి గంటన్నర పెట్టి, మూడోది ఇరవై నిమిషాల్లో గీకేస్తారు చూడు, అక్కడ పోతాయి మార్కులు. గంట కాగానే పేరా సగంలో ఉన్నా ఓ రెండు లైన్లలో ముగించి తర్వాతదానికి వెళ్లిపో.

వారానికి ఒక్కరోజు మూడు గంటలూ కూర్చుని మూడూ రాయి. మిగతా రోజుల్లో రోజూ రెండు టాపిక్‌లకి ఆ ఒక్క లైనూ, దాని కింద ఐదారు పాయింట్లూ, చాలు. అన్నట్టు జనరల్ ఇంగ్లిష్ పేపర్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. అది క్వాలిఫైయింగే, 150కి ఓసీలకి 40 శాతం, బీసీలకి 35, ఎస్సీ ఎస్టీలకి 30 వస్తే చాలు, కానీ అవి రాకపోతే నీ మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకే రావు.

ప్రశ్న: నాది చిన్నప్పట్నించీ ఇంగ్లిష్ మీడియం. ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో తెలుగు పేపర్ కూడా ఉంది కదండీ, తెలుగు చదవగలను, రాయమంటే ఒత్తులు పోతాయి. గట్టెక్కుతానా? (పాఠకుడు, గుంటూరు)

జవాబు: గట్టెక్కుతారు, అదీ క్వాలిఫైయింగే. అయితే ఇంట్లో తెలుగేగా మాట్లాడేది అని పరీక్షకి వారం ముందు మొదలెట్టకండి. వ్యాసం ఒక్కటే కాదు, సంక్షిప్తీకరణ, లేఖ, రిపోర్టు, సంభాషణ, ఇంగ్లిష్ నుంచి అనువాదం, ఇలా చిన్న చిన్నవి చాలా ఉంటాయి. మీలాంటి వాళ్లు ఎక్కువ తడబడేది అనువాదంలో, ఇంగ్లిష్ వాక్యం ఏ వరసలో ఉందో అదే వరసలో తెలుగు పదాలు పేర్చేస్తారు. వాక్యం మొత్తం చదివి, పేపర్ పక్కన పెట్టి, అదే సంగతి మీ అమ్మగారికి ఎలా చెప్తారో అలా నోటితో ఓసారి అనుకుని, అప్పుడు కాస్త మర్యాదగా మార్చి రాయండి. ఒత్తులకి మందు ఒక్కటే, రోజూ పేపర్‌లో ఎడిటోరియల్ ఒక పేరా చేత్తో ఎక్కించుకోవడం. ఫోన్‌లో టైప్ చేస్తే లాభం లేదు, కీబోర్డే సగం దిద్దేస్తుంది.

ప్రశ్న: ఎస్‌బీఐ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్‌లో డిస్క్రిప్టివ్ ఉంది, అంటే జవాబులు ఇంగ్లిష్‌లో కంప్యూటర్ మీద టైప్ చెయ్యాలి, నా టైపింగ్ నత్తనడక. ముందు టైపింగ్ నేర్చుకోవాలా, ఇంగ్లిష్ మెరుగుపరచుకోవాలా? (పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: రెండూ ఒకేసారి తమ్ముడూ, టైప్ చేస్తూనే ఇంగ్లిష్ రాయి. ఉన్నది 30 నిమిషాలు, 50 మార్కులు. ఇప్పుడు ఈమెయిల్, రిపోర్టు, సిచ్యువేషన్ అనాలిసిస్, ప్రెసీ (పెద్ద పేరాని కుదించి రాయడం) లాంటివి అడుగుతున్నారు కాబట్టి పాత పుస్తకాల్లోని పెద్ద పెద్ద వ్యాసాలు బట్టీ పట్టి ఉపయోగం లేదు. కొటేషన్లూ పెద్ద మాటలూ వద్దు. కస్టమర్ ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కట్ అయిందని కంప్లైంట్ పెడితే మేనేజర్‌గా నువ్వేం చెప్తావు? తేదీ, మొత్తం, ఎప్పటిలోగా తేల్చి చెప్తారు, మళ్లీ ఎవర్ని అడగాలి, ఈ నాలుగూ చిన్న వాక్యాల్లో వస్తే అయిపోయింది. ల్యాప్‌టాప్‌లో స్పెల్ చెక్ ఆపేసి ప్రాక్టీస్ చెయ్యి. ఫోన్‌లో మాత్రం వద్దు, అక్కడ బొటనవేళ్లు, పరీక్షలో పది వేళ్లు. ఇంకోటి, ఆబ్జెక్టివ్‌లో పాసైన వాళ్లవే ఈ జవాబులు దిద్దుతారు, కాబట్టి రోజంతా దీని మీదే కూర్చోకు.

ప్రశ్న: లేఖ రాసే ప్రశ్నలో కింద సంతకం, అడ్రస్ మావే పెట్టొచ్చా? (పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: వద్దే వద్దమ్మా. ప్రశ్నలో ఏ పేరు ఇస్తే అదే పెట్టు, ఇవ్వకపోతే ఎక్స్‌వైజెడ్ అని రాసి, ఊరు దగ్గర కూడా ఏబీసీ అని పెట్టు. నీ పేరు, హాల్‌టికెట్ నంబర్, పైన దేవుడి పేరు, ఇలాంటివేవైనా జవాబుల మధ్యలో కనిపిస్తే గుర్తు కోసం రాసినట్టు లెక్కేసి పేపర్ పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. శ్రీరామ చుట్టే అలవాటుంటే చిత్తు కాయితం మీద కూడా మానెయ్, హడావిడిలో చెయ్యి దానంతటదే చుట్టేస్తుంది.