రెండు జీబీకి బిల్లు, ఒక జీబీకి సర్వర్

ప్రశ్న: గుంటూరులో ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పుకుని బతుకుతున్నాను. 2 జీబీ మెమరీ అంటే నమ్మి వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో ఒక వాటా) అద్దెకు తీసుకున్నాను. ఏడాది ఏడు నెలల క్రితం, సరిగ్గా పరీక్షల ముందు, నా జావా అప్లికేషన్ ఆగిపోయింది. పిల్లలు వెళ్లిపోయారు, అప్పులపాలయ్యాను. కంపెనీ ‘తప్పు మీ కోడ్‌లోనే’ అంటోంది. ఆ ఎర్రర్‌ను ఇప్పుడు మళ్లీ రప్పించి, పాత తేదీతో స్క్రీన్‌షాట్ తీయమని మిత్రుడు చెబుతున్నాడు. ఆరు లక్షల పరిహారం వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. కేసు మాత్రం మూడో పేజీలో మీరు యథాలాపంగా రాసి వదిలేసిన చోట ఉంది.

మీకు వచ్చిన ఎర్రర్ ‘కుడ్ నాట్ రిజర్వ్ ఎనఫ్ స్పేస్ ఫర్ ఆబ్జెక్ట్ హీప్’. ఇది జావా మొదలవుతుండగానే వస్తుంది, అప్పటికి మీ కోడ్‌లో ఒక్క లైను కూడా నడవదు. కోడ్ నడుస్తూ మెమరీ అంతా వాడేసినప్పుడు వచ్చే ‘అవుటాఫ్ మెమరీ ఎర్రర్: జావా హీప్ స్పేస్’ అని వచ్చి ఉంటే నేనూ కంపెనీ పక్షమే మాట్లాడేవాణ్ని. హీప్ అంటే ప్రోగ్రాం డేటా కోసం జావా పక్కన పెట్టుకునే మెమరీ. మీరు దానికి అడిగింది 1 జీబీ. 2 జీబీ కొన్నవారికి అది అత్యాశ కాదు.

మరి ఎందుకు దొరకలేదు? మీరు సపోర్ట్‌కు పంపిన ఈమెయిల్లో యూజర్ బీన్‌కౌంటర్స్ పట్టిక, అంటే మీ వీపీఎస్‌కు కేటాయించిన వనరుల పరిమితులు చూపే జాబితా, అతికించారు. మెమరీ పరిమితి చూపే ప్రైవ్‌వీఎంపేజెస్ వరుసలో బ్యారియర్ (హద్దు) 262144. అది పేజీల లెక్క, ఒక్కో పేజీ 4 కేబీ. గుణించండి, సరిగ్గా 1 జీబీ! హీప్ కాక జావాకు ఇంకొంత మెమరీ కావాలి కాబట్టి అందులో పట్టదు. రెండుకు డబ్బు తీసుకుని ఒకటి ఇచ్చారు. ఇక కోడ్ మంచిచెడ్డల చర్చే అనవసరం. అయితే బిల్లులోనో ప్లాన్ షరతుల్లోనో ‘1 గ్యారంటీ, 2 బరస్ట్’ (రెండోది ఖాళీ ఉన్నప్పుడే దొరుకుతుందని) చిన్న అక్షరాల్లో ఉంటే మీ పట్టు సడలుతుంది. ముందు అది చూడండి.

కోపంలో సర్వర్‌ను రీఇన్‌స్టాల్ చేశానని ఎంత తేలిగ్గా రాశారండీ! సర్వర్‌లో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లన్నీ మీ చేత్తో మీరే తుడిచేశారు. ఇప్పుడు మీకు మిగిలిన సాక్ష్యం ఆ ఈమెయిల్ ఒక్కటే.

మిత్రుడి సలహా జోలికి మాత్రం వెళ్లకండి. దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. వినియోగదారుల కమిషన్ విచారణకూ అది వర్తిస్తుంది. పైగా దొరికిపోయాక మీ నిజమైన ఈమెయిల్‌నూ ఎవరూ నమ్మరు.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్. మీకు ఐదు నెలలే ఉంది. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని కూర్చుంటే గడువు ఆగదు.

కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు గుంటూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన అద్దె 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వాణిజ్య అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారే కాదు అని వాదిస్తారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నానని ఫిర్యాదులోనే రాయండి. ఆరు లక్షల మాట వదిలేయండి. అద్దెలో తగిన భాగం, పిల్లలకు తిరిగిచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడే ఫీజులు, ఖర్చులు అడగండి.

ఈమెయిల్‌ను ఫార్వర్డ్ చేసి కాదు, హెడర్లతో (ఎవరు, ఎప్పుడు, ఏ దారిన పంపారో చూపే వివరాలతో) సహా అసలు రూపంలో డౌన్‌లోడ్ చేసి భద్రపరచండి. దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఈ వారమే ఆ పని చేయించండి.