రాయి కోసం సీటీ తీస్తే ఎముకలో మచ్చ కనిపించింది

ప్రశ్న: నా వయసు 52. మూత్రపిండంలో రాయి ఉందేమోనని పొట్టకు సీటీ స్కాన్ తీయించారు. రాయి చిన్నదే, మందులతో పోతుందన్నారు. కానీ రిపోర్టు చివర్లో ‘కుడి తుంటి ఎముకలో 9 మి.మీ. స్క్లెరోటిక్ లీజన్, రెండో నడుము పూసలో హీమాంజియోమా’ అని రాసి ఉంది. నాకు అక్కడ నొప్పేమీ లేదు, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చిన దాఖలా కూడా లేదు. బంధువొకరు వెంటనే పెట్ స్కాన్ (ఒళ్లంతా క్యాన్సర్ జాడ వెతికే స్కాన్) చేయించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి ఈ రెండూ హాని లేనివే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ‘లీజన్’ అంటే చుట్టుపక్కల ఎముకకు భిన్నంగా కనిపించిన భాగం అని మాత్రమే అర్థం. అది క్యాన్సర్‌కు మారుపేరు కాదు. ‘స్క్లెరోటిక్’ అంటే గట్టిపడి స్కాన్‌లో తెల్లగా కనిపించేది.

హీమాంజియోమా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వెన్నుపూస లోపల సన్నని రక్తనాళాలు, కొవ్వు కలిసి ఏర్పడే ఈ గడ్డ దాదాపు ప్రతి పదిమంది పెద్దవాళ్లలో ఒకరికి ఉంటుంది. మిగిలిన నిలువు పోగులు మందమెక్కడం వల్ల సీటీ అడ్డకోతలో అది తెల్లటి చుక్కల గుంపుగా కనిపిస్తుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. అరుదుగా మాత్రమే అది పూసను దాటి పెరిగి వెన్నుపామును నొక్కుతుంది. కాళ్లలో తిమ్మిరి, బలహీనత లేనంతవరకు దాన్ని అలా వదిలేయవచ్చు.

తుంటి ఎముకలోని మచ్చ విషయం కాస్త వివరంగా చూడాలి. ఇలాంటివాటిలో అధికభాగం ‘బోన్ ఐలాండ్’ అనేవే: ఎముక పైపొరలో ఉండవలసిన గట్టి ఎముక లోపలి జల్లెడలాంటి ఎముకలో చిన్న ముద్దగా ఏర్పడి ఉంటుంది. దాని అంచులు సన్నని ముళ్లుగా సాగి చుట్టూ ఉన్న పోగుల్లో కలిసిపోతాయి. సాంద్రతను కూడా కొలవవచ్చు. సగటు 885, గరిష్ఠం 1060 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రతకు వాడే కొలమానం) దాటితే బోన్ ఐలాండ్ వైపే మొగ్గుతాం. ఈ కొలతకు మళ్లీ స్కాన్ అక్కర్లేదు, తీసిన చిత్రాల మీదే చేయవచ్చు. అయితే క్యాన్సర్ చికిత్స పొందినవారిలో ఎముకకు పాకిన గడ్డలు కూడా మానుతూ ఇలాగే గట్టిపడవచ్చు కాబట్టి, రోగి చరిత్ర తెలియకుండా ఈ అంకెలను మాత్రమే నమ్మకూడదు. (నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరోసిస్ గ్రామాలవారిలో కనిపించే తెలుపు వేరు, అక్కడ వెన్ను, కటి ఎముకలు మొత్తంగా తెల్లబడతాయే గాని ఒక్కచోట మచ్చ పడదు.)

నలభై దాటిన వారి ఎముకలో కొత్తగా ఏదైనా కనిపిస్తే, వేరేచోటి క్యాన్సర్ అక్కడికి పాకిందేమోనని, లేదా మైలోమా (ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్) కావచ్చునేమోనని మేం ఆలోచించే మాట నిజమే. రొమ్ము, ఊపిరితిత్తి, థైరాయిడ్ వంటి క్యాన్సర్ గతంలో వచ్చి ఉన్నా, రాత్రిపూట నిద్రలేపే నొప్పి ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, చిత్రంలో మచ్చలు అనేకం ఉన్నా, ఎముక పైపొర తెగినా నేను ఇంత నిశ్చింతగా రాసేవాడిని కాను. మీ ఉత్తరంలో అలాంటిదేదీ లేదు.

అందువల్ల ఇప్పుడే పెట్ స్కాన్ అవసరం లేదనే నా అభిప్రాయం. ఖర్చు, రేడియేషన్ ఒకవైపు. అందులో ఇంకో సంబంధంలేని మచ్చ బయటపడి దాని వెంట మరిన్ని పరీక్షలు మొదలవడం మరోవైపు. దానికంటే పొట్టకు, నడుముకు ఇదివరకు ఎప్పుడైనా తీసిన ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ ఉంటే వెతకండి. రెండు మూడేళ్ల క్రితం చిత్రంలోనూ అదే మచ్చ అదే పరిమాణంలో ఉంటే ఈ చర్చే ముగుస్తుంది. పాతవి లేకపోతే, సాంద్రత కొలిచాక కూడా రేడియాలజిస్టుకు అనుమానం మిగిలితేనే, ఆరు నెలలకు ఆ భాగానికే మళ్లీ చిత్రం తీయించవచ్చు. ఆరు నెలల్లో దాని వ్యాసం 25 శాతానికి మించి, లేదా ఏడాదిలో 50 శాతానికి మించి పెరిగితే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించి ఆలోచించాలి.

రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లి రేడియాలజిస్టును కలవండి. మీకు ఇంతవరకు క్యాన్సర్ రాలేదన్న సంగతి ముందుగానే చెప్పండి. రాయి కోసం పంపిన చీటీలో ఆ వివరం ఉండి ఉండదు.