ఆకు ఆఖర్న వెయ్యి

బుజ్జీ,

ఆదివారం మధ్యాహ్నం ఆరుగురికి పాస్తా సలాడ్ చేస్తానన్నావు. ఎండాకాలానికి మంచి ఆలోచనే. కానీ శనివారం రాత్రే అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు. పాస్తా డ్రెస్సింగ్‌లో, అంటే నూనె, నిమ్మరసం కలిపినదాంట్లో, ఎంత నానితే అంత రుచి. సలాడ్‌లో వేసే లేత ఆకు కాసేపు నానినా చాలు, నీరుగారిపోతుంది. ఒకదాన్ని ముందు కలపాలి, రెండోదాన్ని ఆఖర్న కలపాలి. ఇది గుర్తుంటే మిగతాదానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఆరుగురికి 350 గ్రాముల పాస్తా చాలు. స్పగెట్టీ తేకు, చల్లారితే ఉండ చుట్టుకుపోతుంది. మెలికలు తిరిగి ఉండే ఫ్యుసిలీ తీసుకో. ఆ మెలికల సందుల్లో డ్రెస్సింగ్ నిలుస్తుంది, చిన్న ఆకులు కూడా ఇరుక్కుంటాయి. సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఫర్‌ఫాలే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, అంచులు మెత్తబడ్డా నడుం దగ్గర మడత గట్టిగానే ఉండిపోతుంది.

మూడున్నర లీటర్ల నీళ్ళు బాగా మరగనిచ్చి, లీటరుకి 10 గ్రాముల లెక్కన ఉప్పు వెయ్యి. ఎక్కువేమో అని భయపడకు, అందులో చాలా భాగం వార్చిన నీళ్ళతోనే పోతుంది. పాస్తా లోపలికి ఉప్పు పట్టేది ఇక్కడే. తర్వాత పైన ఎంత చల్లినా లోపల చప్పగానే ఉంటుంది.

వేడిగా తినే పాస్తాని పలుకు మీద దించమంటారు కదా, సలాడ్‌కి ఆ లెక్క పనికిరాదు. చల్లారేకొద్దీ అందులోని పిండిపదార్థం బిగుసుకుంటుంది. పొయ్యి మీద సరిగ్గా ఉందనిపించింది ఫ్రిజ్‌లోంచి తీసేసరికి రబ్బరులా సాగుతుంది. ప్యాకెట్ మీద రాసిన టైముకి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచు. ఒక ముక్క తీసి కొరికి, తెగినచోట చూడు. మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకా ఉడకాలి. చుక్క మాయమైన తర్వాత ఒక్క నిమిషం ఆగి దించెయ్యి. పచ్చి బఠాణీలు వేసే ఉద్దేశం ఉంటే ఆఖరి రెండు నిమిషాల్లో అదే గిన్నెలో పడేస్తే సరి.

వార్చాక చాలామంది చన్నీళ్ళతో కడిగేస్తారు. అంటుకోకుండా ఉంటుంది, నిజమే. కానీ నీళ్ళు మెలికల్లో ఉండిపోయి డ్రెస్సింగ్‌ని పల్చన చేస్తాయి. నేనైతే కడగను. చిల్లుల గిన్నెలో బాగా విదిలించి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, వేడి ఉండగానే సగం డ్రెస్సింగ్ పోసి కలుపుతాను. నూనె పట్టడం వల్ల అంటుకోదు, వేడి మీద పులుపూ వాసనా లోపలికి లాక్కుంటుంది. పళ్ళెంలో పల్చగా ఉంటే త్వరగా చల్లారుతుంది కూడా.

డ్రెస్సింగ్‌కి మామూలుగా మూడు పాళ్ళ నూనెకి ఒక పాలు పులుపు వేస్తారు. పాస్తా పులుపుని మింగేస్తుంది, పైగా చల్లటి తిండిలో రుచులు మందంగా తెలుస్తాయి. అందుకని రెండుకి ఒకటి వెయ్యి. ఆరు టేబుల్‌స్పూన్ల ఆలివ్ నూనె, మూడు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, ఒక టీస్పూన్ మస్టర్డ్ సాస్, దంచిన వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, మిరియాల పొడి, ఇవన్నీ మూత ఉన్న సీసాలో పోసి గట్టిగా ఊపు. నూనె, రసం వెంటనే విడిపోకుండా పట్టి ఉంచేది ఆ మస్టర్డే. ఒక నిమ్మకాయ పైతొక్క తురిమి వెయ్యి, కింద ఉన్న తెల్లపొర దాకా వెళితే చేదొస్తుంది. మయోన్నైజ్ జోలికి మాత్రం వెళ్ళకు. తేలిగ్గా ఉండాలని మొదలుపెట్టి అది వేస్తే ఇంక తేలిక ఎక్కడిది?

ఇప్పుడు ఆకుల సంగతి. ఒక్క రకమే వేస్తే బోరు. కాస్త ఘాటుగా ఉండే అరుగులా, మెత్తటి లేత పాలకూర కలిపి 200 గ్రాములు తెచ్చుకో. తూకంలో తక్కువ అనిపిస్తుంది గానీ గిన్నెలో పాస్తాతో సమానంగా కనబడుతుంది, అలాగే కనబడాలి. పెద్ద గిన్నెలో చన్నీళ్ళు పోసి, ఆకులు ముంచి ఆడించి, చేత్తో పైకి తీసెయ్యి. గిన్నె వంచి వార్చావంటే అడుగున చేరిన ఇసక మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. కాస్త వాడినట్టున్నా ఆ చన్నీళ్ళలో పావుగంట ఉంచితే లేచి నిలబడతాయి. ఆ తర్వాత పొడిగుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వు. తడి ఆకు మీద నూనె నిలవదు, జారి గిన్నె అడుగుకి చేరుతుంది. ఆరినవాటిని గుడ్డలోనే చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకో. ఈ పని కావాలంటే శనివారమే చేసుకోవచ్చు.

బేసిల్ (తులసి లాంటి ఆకు) తెస్తే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకు, చలికి నల్లబడుతుంది. కాడలు నీళ్ళ గ్లాసులో పెట్టి బయటే ఉంచి, వడ్డించేముందు చేత్తో తుంచి వెయ్యి.

చిన్న టమాటాలు సగానికి కోసి, ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో పావుగంట ఉంచు. కారిన రసం పారబొయ్యకు, మిగిలిన డ్రెస్సింగ్‌లో కలిపెయ్యి. కీరదోసలో గింజలున్న మధ్య భాగం తీసేస్తే నీళ్ళు ఊరవు. ఉల్లిపాయ వేస్తే సన్నగా తరిగి పది నిమిషాలు చన్నీళ్ళలో ఉంచు, ఘాటు తగ్గుతుంది. ఉప్పగా ఉండే ఫెటా చీజ్ నలిపి వేసేటట్టయితే డ్రెస్సింగ్‌లో ఉప్పు తగ్గించుకో.

ఆదివారం పొద్దున్నే పాస్తా వండి, చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. భోజనానికి ఇరవై నిమిషాల ముందు బయటికి తీసి, మిగిలిన డ్రెస్సింగ్‌తో టమాటాలూ కీరా కలిపి, అప్పుడు రుచి చూడు. పొద్దున చూసిన ఉప్పు లెక్కలోకి రాదు. ఇంకో నాలుగు చుక్కల నిమ్మరసం కావాల్సి రావచ్చు. అందరూ కూర్చున్నాక ఆకులు వేసి, గరిటెతో తిప్పకుండా, రెండు చేతులతో కిందినుంచి పైకి తేలిగ్గా ఎత్తి కలుపు.

బయట రెండు గంటలకి మించి ఉంచకు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మిగిలితే రాత్రికి పనికొస్తుందనుకుంటే, రెండు గుప్పెళ్ళ ఆకు పక్కన పెట్టుకుని, ఆకు కలపని పాస్తాని కూడా కొంచెం ముందే తీసి ఫ్రిజ్‌లో దాచుకో. పైన బాదం పలుకులు వేయించి చల్లితే కరకరలాడతాయి, కాకపోతే వచ్చేవాళ్ళలో ఎవరికైనా అవి పడవేమో ముందే ఒకమాట అడుగు.

పెద్దమ్మ