మాట్లాడని బాబు, చున్నీ వదలని పాప

ప్రశ్న: మేడమ్ గారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెలవుల్లో ఒక సమ్మర్ క్యాంప్‌లో పని చేస్తున్నాను. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల గ్రూపు నాకు అప్పగించారు. క్యాంప్ మూడు వారాలే. ఒక పాప పొద్దున్న వచ్చిన దగ్గర్నుంచి నా చున్నీ పట్టుకునే తిరుగుతుంది. ఇంకో పిల్లను దగ్గరికి తీస్తే ఏడుపే. ఒక బాబేమో వారం గడిచినా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గోడకు ఆనుకుని చూస్తూ ఉంటాడు. మిగతా అక్కలకు పిల్లలు ఇట్టే అలవాటైపోయారు. నాకే చేతకావడం లేదేమో అని టెన్షన్‌గా ఉంది. అయినా మూడు వారాల కోసం దగ్గరైతే, తర్వాత వాళ్లు బాధపడరా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు బాబు సంగతి చూద్దాం. నీ టెన్షనంతా వాడి గురించే అనిపిస్తోంది.

గోడకు ఆనుకుని చూడటం కూడా పనేనమ్మా. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు చిన్నపిల్లల ఆటలను రకాలుగా విడదీసినప్పుడు, ఆడకుండా పక్కన నిలబడి చూడటానికీ అందులో చోటిచ్చింది. ఆ తర్వాత అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 1956 నుంచి ఏళ్ల తరబడి కొంతమంది పిల్లల్ని గమనించారు. వాళ్లలో దాదాపు 15 శాతం మంది కొత్త మనిషికీ కొత్త చోటుకీ నెమ్మదిగా అలవాటుపడే రకమని తేల్చారు. మీ గ్రూపులో అలాంటి వాడు ఒకడుంటే వింతేముంది?

ఏళ్ల తరబడి నర్సరీ క్లాసులో నేల మీద కూర్చుని పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, వాణ్ని ప్రశ్నలు అడగడం మానెయ్. ‘నీ పేరేంటి? ఎందుకు మాట్లాడవు?’ అన్నావంటే వాడు నీకు జవాబు బాకీ పడిపోతాడు. బాకీ ఉన్నవాడు ఎదురుపడతాడా? రోజూ ఒకే వేళకు, వాడికి కాస్త దూరంలో, కింద కూర్చో. వాడికి ఎదురుగా వద్దు, పక్కగా కూర్చో. క్లే తీసుకుని నీ పాటికి నువ్వు ఏనుగో కుక్కో చేసుకో. ‘అబ్బా, ఈ తోక నిలబడట్లేదే’ అని నీలో నువ్వే గొణుక్కో. వాడి చేతికందేంత దూరంలో ఇంకో ముద్ద వదిలెయ్. మొదటి రోజు వాడు ముట్టుకోకపోవచ్చు. ముట్టుకున్న రోజున మాత్రం ‘హమ్మయ్య, వచ్చేశాడు!’ అని చప్పట్లు కొట్టకు. ఈ విషయం మిగతా అక్కలకు కూడా చెప్పి ఉంచు. అందరూ ఒక్కసారి తన వైపు తిరిగి చూస్తే వాడు మళ్లీ గోడ దగ్గరికే పోతాడు.

ఇంట్లో బాగా మాట్లాడతాడా అని వాళ్లమ్మను అడుగు. మాట్లాడతాడంటే వారం రోజుల మౌనానికి కంగారు అక్కర్లేదు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లవాడు బడిలాంటి చోట నెలకు మించి నోరు విప్పకపోతేనే డాక్టర్లు దాన్ని విడిగా పట్టించుకుంటారు. బడిలో చేరిన మొదటి నెలను అందులో లెక్కపెట్టరు కూడా.

ఇక పాప. చెయ్యి విడిపించుకోవాలని చూస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తను చూడనప్పుడు చల్లగా జారుకుంటే, ఆ తర్వాత నీ మీద నుంచి కన్ను తియ్యదు. ఎక్కడికి వెళ్తున్నావో చెప్పే వెళ్లు. ‘పది నిమిషాల్లో వస్తా’ అంటే ఆ వయసులో అర్థం కాదు. ‘ఈ పాట అయిపోగానే వస్తా’ అను, పాట అయ్యేసరికి వచ్చి కనిపించు. నువ్వు తిరిగొస్తావని నమ్మకం కుదిరితే తనే నాలుగడుగులు అవతలికి వేస్తుంది. అప్పుడు ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని బుట్ట ఒకటి ఇచ్చి, ఇంకో పిల్లతో కలిసి బ్రష్‌లు పంచమను. నువ్వు కూడా వెంట నడువు, రెండో రోజు ఒకడుగు వెనక ఉండు.

మిగతా అక్కలతో పోల్చుకోవడం దేనికి? మొదటి రోజే మీద పడే పిల్లలు ఎవరి మీదైనా పడతారు. స్టిక్కర్లు పంచే అక్క చుట్టూ ఎప్పుడూ గుంపే, అవి అయిపోయేదాకా.

మూడు వారాలకే దగ్గర కావడం ఎందుకన్నావు. ఆ మూడు వారాలూ రోజంతా వాళ్లు ఉండేది నీ దగ్గరే కదా! క్యాంప్ అయిపోతుందన్న సంగతి ఆఖరి రోజు దాకా దాచకపోతే చాలు. చివరి వారం మొదట్లోనే చార్టు మీద గళ్లు గీసి, రోజుకొకటి పిల్లల చేతే కొట్టించు. ‘మీ ఇంటికొస్తాలే’ లాంటి మాటలు ఇవ్వకు, వాళ్లు నిజంగానే ఎదురుచూస్తారు.

ఒళ్లోకి వచ్చి కూర్చుంటే కూర్చోనివ్వు, అయితే నలుగురికీ కనబడే చోటే. మూసిన గదిలో ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకు. బాత్రూమ్‌కు తీసుకెళ్లే పద్ధతి ఏమిటో మీ ఇన్‌ఛార్జిని అడిగి అలాగే చెయ్యి. పిల్లల ఫొటోలు నీ ఫోన్‌లో తియ్యకు. తల్లిదండ్రులు అడిగితే ఇన్‌ఛార్జి దగ్గరికి పంపించు.