చీజ్ ప్లాంటును పెంచబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన ప్రాజెక్టు రిపోర్టూ అందాయి. రోజుకు 2,000 లీటర్ల పాలతో నడుస్తున్న ప్లాంటును 10,000 లీటర్లకు పెంచాలన్న ఆలోచన మంచిదే. పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో వానలు మొహం చాటేసినా, టమాటా ధర పడిపోయినా ఇంటిని నిలబెట్టేది దొడ్డిలోని ఆవే కనుక, ఆ పాలకు మరో మంచి గిరాకీ దొరుకుతుందంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అయితే నీ రిపోర్టులో పాలు ఎక్కడి నుంచి వస్తాయి, చీజ్ ఎక్కడికి పోతుంది, అప్పు ఎన్నేళ్లకు తీరుతుంది అన్నవి వివరంగా ఉన్నాయి గానీ, చీజ్ తీసేశాక మిగిలే నీటి గురించి అర పేజీకి మించి లేదు. ముప్పై ఏళ్లకు పైగా పాల ప్లాంట్లలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, నీ ప్లాంటు ఎంత పెద్దది కావచ్చునో తేల్చేది ఆ అర పేజీయే.

లెక్క నీకు తెలిసిందే. పది లీటర్ల ఆవుపాలకు సుమారు కిలో చీజ్ వస్తుంది, తక్కిన తొమ్మిది లీటర్లూ విరుగుడు నీరే. ఇప్పుడు రోజుకు 1,800 లీటర్లు మిగులుతోంది. పశువులున్నవాళ్లు క్యాన్లలో పట్టుకుపోతున్నారు కాబట్టి అది నీకు సమస్యగా కనిపించలేదు. రేపు అది 9,000 లీటర్లవుతుంది. అన్ని క్యాన్లు మోసుకుపోయేవాళ్లు నీ ఊళ్లో లేరు. లేత పచ్చగా, తేటగా, కాస్త తియ్యగా ఉండే ఆ నీళ్లను చూస్తే ప్రమాదమని ఎవరికీ అనిపించదు. కానీ అందులో నూటికి నాలుగున్నర నుంచి ఐదు వంతులు పాల చక్కెర ఉంటుంది. అది చెరువులో కలిసిందంటే సూక్ష్మజీవులు దాన్ని తింటూ నీటిలోని ప్రాణవాయువునంతా లాగేసుకుంటాయి. ఈ గుణాన్ని కొలిచే బీఓడీ ఇళ్ల మురుగునీటికి లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటే, విరుగుడు నీటికి 30,000 నుంచి 50,000 దాకా ఉంటుంది. బయటికి వదిలే డెయిరీ నీటికి మన దేశంలో ఉన్న పరిమితి 100. ఆ నీరు చేరే వనరు తాగునీటికి వాడేదైతే దాన్ని 30కి తగ్గించవచ్చు.

ఇది నేను కళ్లారా చూసినది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నేను షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉన్న ఒక ప్లాంటులో చీజ్ చేసే తొట్టెలను రెట్టింపు చేశారు గానీ, విరుగుడు నీటి ట్యాంకును మాత్రం పాతదే ఉంచారు. ఒక రాత్రి పంపు చెడిపోయింది. ట్యాంకు పొంగి తెల్లవార్లూ వంకలోకి పారింది. పొద్దున్నే చెరువులో చేపలను వేలంపాటలో దక్కించుకున్న మనిషి గేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని తట్టలో అరచేతి పొడవు కట్ల పిల్లలు, నోళ్లు తెరుచుకుని, మొప్పలు తెల్లబారి ఉన్నాయి. ఒక్క మాటా అనకుండా తట్టను నా కాళ్ల దగ్గర దించాడు. వంక దగ్గరికి వెళ్లి చూస్తే మట్టి నల్లబడి, మీద తెల్లటి పొర కట్టి, కుళ్లిన గుడ్డు వాసన కొడుతోంది. యాజమాన్యం నష్టపరిహారం ఇచ్చింది గానీ, ఆ ఊరివాళ్లు తరువాత చాలా ఏళ్లు చెరువులో ఏ చిన్న తేడా వచ్చినా మా ప్లాంటు వైపే వేలు చూపించారు. వాళ్లను తప్పుపట్టలేకపోయాను. ట్యాంకు చిన్నదని నాకు ముందే తెలుసు. ఆ సంగతి కాగితం మీద పెట్టి పైవాళ్లకు ఇవ్వకపోవడం నా తప్పు.

కాబట్టి ఆ నీటిని ఏం చేయాలన్నది తొట్టెలు కొనడానికి ముందే తేల్చుకో. పొడి చేసి అమ్మవచ్చునని నీ కన్సల్టెంటు రాశాడు. నీటిని ఆవిరి చేసే యంత్రాలూ స్ప్రే డ్రయరూ నీ స్థాయికి గిట్టే పెట్టుబడి కాదు. మళ్లీ కాచి రికోటా అనే మెత్తటి చీజ్ తీయవచ్చునన్నాడు. తియ్యి, మంచిదే, కానీ దానితో మాంసకృత్తులు బయటికి వస్తాయే తప్ప చక్కెరంతా నీటిలోనే ఉండిపోతుంది కనుక సమస్య దాదాపు అలాగే ఉంటుంది. పశువులకు తాపడం అన్నిటికంటే చవకైన దారి, అయితే అదే రోజు, పులియకముందు, కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ, పశువైద్యుడు చెప్పిన మోతాదు మించకుండా తాపాలి. ఒక్కసారిగా తొట్టినిండా పోస్తే ఆవు కడుపు ఉబ్బి, ఆ పాపం నీ మీదికి వస్తుంది. ఎరువులాంటిదేనంటూ రైతుల మడులకు వదలడం మాత్రం వద్దే వద్దు; ఎక్కువైతే నేల బిగుసుకుపోయి వేళ్లకు గాలి ఆడదు.

నీకు నేను సిఫారసు చేసేది గ్యాసు ప్లాంటు. 9,000 లీటర్ల విరుగుడు నీటి నుంచి, అన్నీ సవ్యంగా నడిస్తే, రోజుకు సుమారు 150 ఘనపు మీటర్ల మీథేన్ రావచ్చునని నా లెక్క. దాన్ని బాయిలరుకు మళ్లిస్తే నువ్వు ఇప్పుడు కాలుస్తున్న కట్టెల్లో మంచి భాగం మిగులుతుంది, చుట్టుపక్కల చింతచెట్లూ మిగులుతాయి. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ నీరు తొందరగా పులుస్తుంది, పులిస్తే గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పేడనీళ్లతో మొదలుపెట్టి, విరుగుడు నీటి వాటాను వారం వారం పెంచుకుంటూ పోవాలి. అది కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది గనుక, కొత్త తొట్టెల ప్రారంభోత్సవానికి మూడు నెలల ముందే డైజెస్టరు, అంటే గ్యాసు పుట్టే ట్యాంకు, నడుస్తూ ఉండాలి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు చీజ్ మొదలుపెట్టి, బిల్లులు వచ్చాక నీటి సంగతి చూద్దామంటారు, ఆ మూడు నెలల్లోనే ఊరితో తగువు వచ్చేస్తుంది. డైజెస్టరు నుంచి బయటికి వచ్చిన నీటిని కూడా నేరుగా వంకలో వదలకుండా గాలి ఆడించి శుద్ధి చేశాకే మేతమళ్లకు వాడాలి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అని పిలిచే రెండు అనుమతులనూ (మొదటిది ప్లాంటు కట్టడానికి, రెండోది నడపడానికి) కొత్త సామర్థ్యానికి మళ్లీ తీసుకోవాలి. పాత కాగితాలు 2,000 లీటర్లకే చెల్లుతాయి.

ఉప్పు సంగతి నీ రిపోర్టులో అసలు లేదు. మొజరెల్లాను ఉప్పునీటి తొట్టెలో వేస్తావు కదా, ఆ నీరు పాతబడిందని 5,000 లీటర్లు పారబోస్తే, నూటికి ఇరవై పాళ్ల లెక్కన వెయ్యి కిలోల ఉప్పును నేలకు పెట్టినట్టే. చక్కెరను సూక్ష్మజీవులు తింటాయి గానీ ఉప్పును తినే జీవి ఏదీ లేదు. ఏ శుద్ధి ట్యాంకు దాటించినా అది అలాగే వెళ్లి ఎవరో ఒకరి పొలాన్ని చవుడు చేస్తుంది. వడకట్టి, కాచి, పాళ్లు సరిచేసి మళ్లీ మళ్లీ వాడుకో. ఇక పనికిరాదనుకున్న దాన్ని షీటు పరిచిన గుంటల్లో ఎండబెట్టు. మన ఎండలు ఈ ఒక్క పనికి వరమే.

తరువాతది బోరు. లీటరు పాలకు కడుగుళ్లతో కలిపి రెండు మూడు లీటర్ల నీళ్లు కావాలి, అంటే రోజుకు 20,000 నుంచి 30,000 లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు లెక్కగడుతుంది కదా, దాని ప్రకారం నీ ప్లాంటు సుమారు 360 నుంచి 545 మంది జనం వాడుకునేంత నీరు తోడుతుందన్నమాట. వెయ్యి అడుగులు దించినా నీరు పడని బోర్లున్న ప్రాంతంలో ఈ మాటను గ్రామసభలో నువ్వే ముందుగా చెప్పాలి తప్ప, ఎవరో కనిపెట్టి అడిగేదాకా ఆగకూడదు. బోర్లనూ భూగర్భజలాన్నీ నియంత్రించే వాల్టా చట్టం కింద తీసుకోవలసిన అనుమతి ఎలాగూ తీసుకుంటావు. దానికి తోడు షెడ్ల పైకప్పుల మీద పడే వాననీటిని కుంటకు మళ్లించు. తొట్టెలు కడిగిన చివరి దఫా నీటిని తరువాతి మొదటి దఫాకు వాడే ఏర్పాటు పెట్టుకో. విరుగుడు నీరు తొట్టె నుంచి దాదాపు 38 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది, పాలు 4 డిగ్రీల చల్లదనంతో లోపలికి వస్తాయి. ఆ వేడిని పాలకు ఎక్కించే ప్లేట్లు బిగిస్తే అటు కట్టెలూ ఇటు కరెంటూ రెండూ ఆదా అవుతాయి.

ఇక ఊరికి జరిగే మేలు గురించి. ఇంతమందికి ఉద్యోగాలు వస్తాయని నువ్వు రాసిన అంకె మీద నాకు నమ్మకం లేదు. ఆ స్థాయి ప్లాంటులో నేరుగా పనిచేసేవాళ్లు పాతిక ముప్పై మందికి మించరు, దాన్ని పెంచి చెప్పి ఊళ్లో ఆశలు పెట్టవద్దు. అసలు మేలు పాల బిల్లులో ఉంది. లీటరుకు 40 రూపాయలు అనుకుంటే రోజుకు 4 లక్షలు, నెలకు కోటీ ఇరవై లక్షల రూపాయలు ఎనిమిది వందల నుంచి వెయ్యి కుటుంబాలకు వెళ్తాయి. అందులో చాలా ఇళ్లలో ఆవును మేపేదీ పాలు పిండేదీ ఆడవాళ్లే కనుక, బిల్లును వాళ్ల పేరు మీద ఉన్న ఖాతాలోనే, పది రోజులకు ఒకసారి, ఒక్క రోజు కూడా తప్పకుండా జమ చెయ్యి. ధర అర్ధరూపాయి తక్కువైనా సర్దుకుంటారు గానీ, బిల్లు తప్పితే పాల కేంద్రానికి మళ్లీ రారు.

ఇక్కడే నీ డబ్బు సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. రైతుకు పది రోజుల్లో ఇవ్వాలి, చెడ్డర్ మాత్రం ఆరు నెలలు చల్లటి గదిలో మాగాలి. పాలన్నీ చెడ్డర్‌కే పోస్తే ఆరు నెలల్లో పాల ఖర్చు ఒక్కటే 7 కోట్ల 20 లక్షలు అలమారాల్లో ఇరుక్కుపోతుంది. అందుకని చాలా భాగం వెంటనే అమ్ముడయ్యే మొజరెల్లాకు పెట్టి, పేరు తెచ్చే చెడ్డర్‌ను అప్పు లేకుండా మాగబెట్టగలిగినంత మేరకే చెయ్యి. అలాగే, పాలు పొంగిపొర్లే చలికాలాన్ని చూసి తొట్టెల సైజు నిర్ణయించుకోవద్దు, మే నెలలో మేత ఎండి, ఆవులు ఎండకు రొప్పుతున్నప్పుడు ఎన్ని లీటర్లు వస్తాయో దాన్ని చూడు. ఆ లెక్కన నీకు 10,000 కాక 6,000 లీటర్లే సరిపోతుందేమోనని నా అనుమానం.

చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడిన సంగతి మన జిల్లాలో పాలు పోసే ఏ ఇంటికీ చెప్పనక్కరలేదు. అది గుర్తుపెట్టుకుని, ఒక్కో ఊరి పాలలో సగానికి మించి నువ్వు తీసుకోవద్దు. రైతు మరో కేంద్రానికి కూడా పోస్తుంటే కోపగించుకోవద్దు. రేపు నీ యంత్రం ఆగినా అతని పొయ్యి ఆరకుండా ఉండేది అందువల్లే. ఇంట్లో పిల్లలకు గ్లాసు పాలు ఉంచుకున్న తరువాతే కేంద్రానికి తెమ్మని నీ మనుషుల చేత చెప్పించు.

అమ్మాయి ల్యాబు చూసుకుంటోందని రాశావు, కాబట్టి ఈ మాట తనకూ చూపించు. పొదుగువాపుకు యాంటీబయాటిక్ ఇంజెక్షను వేయించిన ఆవు పాలు ఒక క్యాను కలిసినా, ఆ మందు వల్ల తోడు పనిచేయదు, తొట్టె మొత్తం గడ్డకట్టకుండా పోతుంది. తెచ్చినవాళ్లకు జరిమానా వేస్తే వాళ్లు దాచిపెట్టడం నేర్చుకుంటారు. దానికి బదులు, ఇంజెక్షను వేయించామని వచ్చి చెప్పిన ఇంటికి, వైద్యుడు వాడవద్దన్న రోజుల పాలకు నువ్వే డబ్బు కట్టు. పది లీటర్ల చొప్పున నాలుగు రోజులకు 1,600 రూపాయలవుతుంది. 2,000 లీటర్ల తొట్టె పోతే 80,000 పోతుంది. నేను ఈ పద్ధతి పెట్టిన మొదటి నెలలోనే ఒక పెద్దావిడ చీకటితోనే నడిచి వచ్చి, ఖాళీ క్యాను బల్ల మీద పెట్టి, మందు చీటీని కొంగుముడి విప్పి చూపించింది. ఆ తరువాత ఆ ఊరి నుంచి మాకు చెడిన పాలు రాలేదు.

వచ్చే నెల మొదటి వారంలో నేనక్కడికి వస్తాను. ఈలోగా మూడేళ్ల మే నెల పాల రిజిస్టర్లు తీసి పెట్టు. పునాది తవ్వకముందే వంకకు ఎగువన ఒకటి, దిగువన రెండు బావుల నుంచి నీళ్లు తీయించి పరీక్షకు పంపు. ఆ కాగితాలను పంచాయతీ ఆఫీసులో ఒక ప్రతి ఇచ్చి సంతకం తీసుకో. చేపల పాట ఎవరిదో కనుక్కుని, నేను వచ్చిన రోజు అతన్ని కూడా పిలిపించు. డైజెస్టరు స్థలాన్ని అతన్ని పక్కన పెట్టుకునే చూద్దాం.

ఇట్లు,
మామయ్య